రంగం ఓడా, పెద్దాయన ప్రార్థనా

మా తీరంలో సముద్రం దాటడం వింత కాదు. రంగూన్‌ను మా వైపు అందరూ రంగం అనేవారు. కోతలు అయిపోయాక ఉద్దానం ఊళ్ళ మగవాళ్ళు ఒక దుప్పటి, ఒక చెంబు, దారికి సరిపడా అటుకులు మూట కట్టుకుని గోపాలపురం రేవుకు పోయేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి, రెండేళ్ళకో మూడేళ్ళకో పట్టు లుంగీ, నల్ల గొడుగుతో తిరిగి వచ్చేవారు. కొందరు వచ్చేవారు కాదు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఎవరూ సభ పెట్టలేదు, ఎవరూ సలహాలు చెప్పలేదు. మద్రాసులో బి.ఏ. పూర్తిచేసి నేను అదే ఓడ ఎక్కబోతే మాత్రం, అంతకుముందు సముద్రాన్ని ఎవరూ చూడనట్టు మా క్రైస్తవ సంఘమంతా కంగారుపడింది.

ఒక మాట ముందే సరిచేయాలి. అది నా మొదటి విదేశ ప్రయాణమని మా ఇంట్లో పిల్లలు చెప్పుకుంటారు. తప్పు. మేము గంజాం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. బర్మాను కూడా మనల్ని ఏలిన దొరలే, మన దేశంతో కలిపే ఏలుతుండేవారు. పాస్‌పోర్టు అక్కర్లేదు. కాబట్టి మొదటి సముద్ర ప్రయాణం అనాలి. నేను బతికున్నంతకాలమైనా అలా అనండి.

రంగంలో తెలుగు ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. పై తరగతులకు లెక్కలు చెప్పే పంతులమ్మ కావాలని మద్రాసు కాలేజీకి రాశారు. నా పేరు పంపారు. సెలవుల తర్వాత బడి తెరిచే రోజుకు హాజరు కావాలని, కాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని అక్కడి ప్రధానోపాధ్యాయిని రాసింది. ఆ ఇంకొకరు ఎవరో కూడా రాసింది. నాకు ఆమె పద్ధతి నచ్చింది. ఓడ పక్షానికి ఒకటి. నేను ఎక్కవలసిన ఓడ తప్పితే తర్వాతది బడి తెరిచాక గాని రంగం చేరదు. ఓడ పోతే ఉద్యోగం పోయినట్టే. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అయినా మా సంఘంలో చాలామందికి అర్థం కాలేదు. ఒక్క మనిషికి మాత్రం చాలా బాగా అర్థమైంది.

ఆయన మా సంఘపెద్ద. ఊళ్ళో అందరూ పెద్దాయన అనేవారు. మాది వజ్రపుకొత్తూరుకు ఇవతల, కొబ్బరి తోటల మధ్య ఉన్న చిన్న క్రైస్తవ పేట. మా నాన్న ఆ పేట బడిలో ఉపాధ్యాయుడు. పెద్దాయనకు కొబ్బరి తోటలు, పనస చెట్లు, రెండు జతల ఎద్దులు ఉండేవి. గుడి కప్పుకు పెంకులు ఆయనే ఇచ్చాడు. వాన పడిన ప్రతిసారీ, ఆ పెంకులు ఎవరివో గుర్తుచేసేవాడు. వాన పడనప్పుడు కూడా ఏదో ఒక వంకన గుర్తుచేసేవాడు.

ఆయనకు ఒక కొడుకు. ఇంటర్మీడియట్ చదవమని బరంపురం పంపితే, క్రాపు, బూట్లు తెచ్చుకున్నాడు గాని ఇంటర్మీడియట్ తేలేదు. ఉద్దానంలో నేలంతా ఇసుక. అక్కడ బూట్లతో నడిచే మనిషిని చూడాలి. ఒక అడుగు పైకి లాగేసరికి రెండోది దిగబడుతుంది. ఆ అబ్బాయి అలాగే, నెమ్మదిగా, పైకి లేస్తూ దిగబడుతూ పేటలో తిరిగేవాడు. నాకు అతనిమీద కోపం లేదు. అతను కోపం తెచ్చుకోవలసినంత మనిషి కూడా కాదు.

నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన వారానికి పెద్దాయన మా అరుగుమీదికి వచ్చి కూర్చున్నాడు.

"మేస్టారూ, పిల్ల సదువు అయిపోయినాది. మావోడు ఉన్నాడు. పెళ్ళి సేసీసి ఇద్దరినీ రంగం పంపిద్దుము. పిల్లకి తోడుంతాడు," అన్నాడు.

మా నాన్న మర్యాదస్థుడు. "అక్కడ మీవాడు ఏం చేస్తాడండీ?" అని అడిగాడు.

"ఏటి సేత్తాడు? మగోడు. ఉంతాడు."

'ఉంతాడు' అన్న ఒక్క మాటలో ఆ అబ్బాయి యోగ్యతలన్నీ వచ్చేశాయి. నేను లోపలినుంచి, తోడు కుదిరిందని చెప్పాను. టెక్కలిలో ఒక కంపౌండరు, ఆయన భార్య సెలవు ముగించుకుని రంగం తిరిగి వెళుతున్నారు. వాళ్ళు నౌపడాలో రైలు ఎక్కుతారు, నేను పలాసలో ఎక్కుతాను. బరంపురంలో దిగి, అక్కడినుంచి బండిమీద గోపాలపురం.

పెద్దాయన నా వైపు తిరగలేదు. మా నాన్ననే చూస్తూ, "పెళ్ళి కాని గుంట ఒగత్తీ సముద్రం దాటితే రేపు సంఘం ఏటంతాది?" అన్నాడు.

"సంఘమంటే నువ్వే గదా మావా," అంది లోపలినుంచి మా మేనత్త. "నువ్వు ఏటనకపోతే ఎవులూ ఏటనరు."

మా మేనత్త నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే మా ఇంట్లోనే ఉండిపోయింది. పేటలో పెద్దాయనకు ఎదురుచెప్పే మనిషి ఆవిడొక్కతే. ఆయన ఆవిడ మాట విననట్టే, ఓడ ఏనాడు, రైలు ఎప్పుడు అని మా నాన్నను అడిగాడు. నాన్న చెప్పాడు. ఓడ తప్పితే ఉద్యోగం ఉండదని కూడా, అమాయకంగా, చెప్పాడు.

"అలగా," అని పెద్దాయన కాసేపు తల ఊపాడు. "అయితే ఆకర్రోజు పార్దన మా ఇంట్లో. నానే సేత్తాను."

ఇక్కడ మా ఆచారం గురించి చెప్పాలి. మా పేటలో ఎవరైనా ఉద్యోగానికో, చదువుకో దూరం వెళితే ఇంటింటా ఒక ప్రార్థన కూటం పెట్టేవారు. ఒక పాట, ఒక వాక్యం, ఒక ప్రార్థన, ఆపైన పాయసం. రంగం పోయే కూలీలకు ఇది లేదు. బస్తాలు మోసేవాళ్ళను దేవుడు అడక్కుండానే చూసుకుంటాడని కాబోలు. నేను బి.ఏ. గనుక ప్రతి ఇల్లూ పట్టుబట్టింది. ఒక ఇంటికి వెళ్ళి ఇంకో ఇంటికి వెళ్ళకపోతే, అది ముందు ఆ ఇంటివారికి అవమానం, తర్వాత వాళ్ళ తరాలకు అవమానం. మొదటి పాయసం ఎవరింట్లో అన్న దానిమీద ఇద్దరు తోడికోడళ్ళు మాటలు మానుకున్నారు. నేను తిరిగి వచ్చేనాటికి కూడా వాళ్ళకు మాటలు లేవు. ఎందుకో మాత్రం ఇద్దరూ మరిచిపోయారు.

ప్రయాణానికి రోజులు దగ్గరపడుతుంటే నేను చేసినదంతా పాయసం తాగడం. కుట్టుకోవలసిన రవికలు అలాగే ఉన్నాయి. వాటిని మా మేనత్తే కుట్టింది. ఆవిడ చుట్టూ చేరిన ఆడవాళ్ళు మాత్రం నన్ను చూడడానికే వచ్చేవారు.

"రంగంలో ఆడోళ్ళు సుట్టలు కాలుత్తారటే, అప్పా," అంది ఒకామె.

"మనూరి ముసిలోళ్ళు కాల్సరేటి?" అంది మేనత్త, కుట్టుపనిలోంచి తల ఎత్తకుండా. "ఆళ్ళు నిప్పు బయిటికెట్టి కాలుత్తారు. మనోళ్ళు నోట్లోకెట్టి కాలుత్తారు. అంతే తేడా."

"అక్కడ సేపలు కుళ్ళబెట్టి తింతారట."

"మనం ఎండబెట్టి తింతాం. ఆ కంపు ఏటి తక్కువేటి?"

ఇంకొకామె నన్నే అడిగింది. "ఒలే, బీయేలో ఏటి నేర్పినారే నీకు?"

"లెక్కలు."

"కొబ్బరికాయలు లెక్కెట్టడానికి బీయే ఏలే?"

అందరూ నవ్వారు. ఆమె తన తోటలో కాయలు వర్తకుడు వందకు ఎన్ని ఎక్కువ తీసుకుంటున్నాడో ఏనాడూ పట్టుకోలేకపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే పాయసం ఇంకొక గిన్నె ఎక్కువయ్యేది.

టెక్కలి మిషను దొరసానమ్మ కూడా ఒక కానుక పంపింది. చేత్తో అల్లిన ఉన్ని చొక్కా. రంగం వేడి ఊరు. మా ఊరికంటే ఉక్క ఎక్కువని అక్కడినుంచి వచ్చిన ప్రతి కూలీ చెబుతాడు. కానీ ఆమె దేశంలో సముద్రం దాటినవాళ్ళందరికీ చలి వేస్తుందట. పెట్టెలో మడిచి పెట్టమన్నారు. పెట్టాను. దాని చోటు కోసం బీజగణితం పుస్తకం తీసి చేతిసంచిలో వేసుకున్నాను.

ఆపైన మూటలు. పేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ మగవాళ్ళు రంగంలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్క మూట తెచ్చి ఇచ్చారు. ఎండు చేప, బెల్లం, కందిపొడి, ఒకామె ఎండబెట్టిన పనస తొనలు. మొగుడు ఎక్కడుంటాడని ఒకామెను అడిగాను.

"మిల్లు కాడ."

"ఏ మిల్లు?"

"రంగం మిల్లు."

"మనిషి ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా ఉంతాడు. సూస్తే నీకే తెలుత్తాది. నువ్వు సదివినదానివి గదా."

చదువుకుంటే ఎన్నడూ చూడని మనిషినైనా గుర్తుపట్టవచ్చని మా వాళ్ళ నమ్మకం. అసలు చదువు ఎందుకో తెలియనివాళ్ళే దానినుంచి ఎక్కువ ఆశిస్తారు. ప్రతి మూటమీద పేరు, ఊరు, 'పొడుగు', 'పొట్టి' అని రాసి కట్టాను.

బయలుదేరవలసిన రోజు వచ్చింది. రైలు సాయంకాలం, దీపాలు పెట్టే వేళకు కాస్త ముందు పలాస వస్తుంది. మా పేటనుంచి పలాసకు ఇసుక దారిలో ఎడ్లబండికి నాలుగు గంటల పైమాటే. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా పేట దాటితీరాలి. పెద్దాయనకు ఇది తెలియక కాదు. వారానికి ఒకసారి కాశీబుగ్గ సంతకు ఆ దారినే కొబ్బరికాయలు తోలుకుపోయేవాడు. ఏ వంకలో చక్రం దిగబడుతుందో కూడా తెలుసు.

కూటం పొద్దున్నే అన్నాడు. పొద్దున్నే వెళ్ళాం. కోడికూర ఇంకా ఉడకలేదన్నాడు. ఉడికింది. పాస్టరుగారు రాలేదన్నాడు. ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. పాటలు మొదలయ్యాయి. ఒకటి చాలన్నాడు మా నాన్న. "మంచి పని మీద ఎల్తన్న పిల్లకి ఒక్క పాటేటండి," అని పెద్దాయన నాలుగు పాడించాడు. పాస్టరుగారు వాక్యం చదివి, చాలా మంచి మనిషి గనుక, నాలుగు మాటల్లో ముగించారు. అప్పుడు పెద్దాయన లేచి, పంచె సర్దుకుని, రెండు చేతులు పైకెత్తాడు.

మా సంఘంలో ప్రార్థన అంటే అందరూ చాపలమీద మోకరించాలి. ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు. కళ్ళు మూసుకోవాలి. చివర ఆమేన్ అనేదాకా ఎవరూ లేవకూడదు, కదలకూడదు. అంతకుముందొకసారి ఇదే ఇంట్లో, ఇదే పెద్దాయన ప్రార్థన చేస్తుండగా, వంటింట్లో ఎసరు ఇంకిపోయి అన్నం మాడింది. అందరికీ వాసన వచ్చింది. ఒక్కరూ లేవలేదు. ఆమేన్ అయ్యాక వెళ్ళి చూస్తే కుండ అడుగు పోయింది. పెద్దాయన దాన్ని సంఘ విశ్వాసానికి గుర్తుగా చాలాకాలం చెప్పుకున్నాడు. కుండ ఆయన భార్యది. ఆవిడ ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఆయన సృష్టితో మొదలుపెట్టాడు. భూమి, ఆకాశం, జలరాశి. జలరాశి దగ్గర నేను కొంచెం ఆశపడ్డాను, ఓడ దగ్గరికి వస్తున్నాడని. ఓడ దగ్గరికి వచ్చాడు. అయితే ఒక్క ఓడ కాదు. పూర్వం మునిగిన ఓడలు, మునగకుండా తప్పిన ఓడలు, గాలివానకు చిక్కినవి అన్నీ ఒక్కొక్కటే లేపాడు. ఆపైన రాజుగారి ఆరోగ్యం, కలెక్టరుగారి జ్ఞానం, మా బావిలో నీరు, కొబ్బరి చెట్ల మొవ్వు తినే పురుగు. పురుగును ఎలా చంపాలో కూడా దేవుడికి వివరించాడు. నేను కళ్ళు మూసుకునే, గుమ్మంలోంచి పడే ఎండ నా మోకాలిమీదనుంచి చాప అంచుకు జరగడం వేడినిబట్టి తెలుసుకుంటున్నాను.

బయట బండి కట్టి ఉంది. బండివాడు మా పక్క ఊరి రైతు, మా మతం కాదు. నేను మావా అని పిలిచేదాన్ని. నా పెట్టె, మూటలు అన్నీ ముందే ఎక్కించి కూర్చున్నాడు. మొదట దగ్గాడు. తర్వాత ఎద్దుల గంటలు మోగేలా తాడు లాగాడు. చివరికి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచి, బయటే నిలబడి అన్నాడు.

"మేస్టారూ, ఎండ తిరిగిపోతన్నాది. రైలు మీ ఆమేను కోసం ఆగదు."

మా నాన్న కదల్లేదు. పెద్దాయన గొంతు ఒక్క క్షణం ఆగింది. వెంటనే అంతకంటే గట్టిగా, "అన్యజనుల అల్లరి మధ్య కూడా నీ బిడ్డలను నిలబెట్టు తండ్రీ," అని ఇంకొక మలుపు తిరిగి, రంగంలో ఉన్న పాపులందరి గురించి ఎత్తుకున్నాడు. రంగం పెద్ద ఊరు.

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. అంతవరకు అది ఆయన అలవాటేమోనని అనుకున్నాను. అలవాటుగా సాగదీసేవాడు మధ్యలో ఆగి, బయట మాట విని, మళ్ళీ మొదలుపెట్టడు. ఇంకొంచెం సేపు ఆ చాపమీద మోకరించి ఉంటే రైలు పోతుంది. రైలు పోతే ఓడ పోతుంది. ఓడ పోతే ఆ ప్రధానోపాధ్యాయిని రెండో మనిషిని పిలుస్తుంది. నేను బి.ఏ. పట్టా పట్టుకుని ఈ పేటలో, ఈ ఇంటి ముందు, బూట్ల చప్పుడు వింటూ కూర్చుంటాను. అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టించింది ఏమిటంటే, నన్ను ఆపడానికి ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నా క్షేమం కోసం దేవుణ్ణి అడుగుతున్నాడు.

నేను కళ్ళు తెరిచాను.

నా జీవితంలో అంతకుముందు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవలేదు. కాబట్టి ఆ గది అలా ఉంటుందని నాకు తెలియదు. సగానికి పైగా కళ్ళు తెరిచే ఉన్నాయి. కొబ్బరికాయల గురించి నన్నడిగిన ఆమె కోడికూర గిన్నె వైపు చూస్తోంది. మాటలు లేని తోడికోడళ్ళు ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటున్నారు. పాస్టరుగారి భార్య ఈగను తోలుతోంది. పెద్దాయన కొడుకు బూటు లేస్ వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు. నా చూపు తగిలిన ప్రతి ఒక్కరూ చటుక్కున కళ్ళు మూసుకుని భక్తిగా తల వంచారు. పుట్టినప్పటినుంచి నేను భక్తి అనుకున్నది ఇదన్నమాట.

కళ్ళు మూసుకోని మనిషి ఒక్కతే. పెద్దాయన భార్య. ఆవిడ నన్ను సూటిగా చూసి, పెరటి గుమ్మం వైపు గడ్డం విసిరింది. 'పో' అన్నట్టు. ఆవిడకు నామీద ప్రేమ ఏమీ లేదు. బి.ఏ. కోడలు వచ్చి తన వంటింట్లో లెక్కలు అడుగుతుందని భయం. మనుషులు మేలు చేసేటప్పుడు కారణాలు వెతక్కూడదు. తీసుకోవాలి.

మా అమ్మ నా పక్కనే ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి గాని, చేత్తో నా చేతిసంచిని నా ఒళ్ళోకి నెట్టింది. మేనత్త నేను దాటడానికి వీలుగా మోకాళ్ళు పక్కకు జరిపింది. నేను లేచాను. మగవాళ్ళ వైపు చూశాను. అక్కడ మా నాన్న, రెండు చేతులు జోడించి, నుదురు ముడివేసి, నిజంగా కళ్ళు మూసుకుని, నిజంగా ప్రార్థిస్తున్నాడు. ఆయన స్టేషన్‌కు నాతో రావలసిన మనిషి. తాకితే కళ్ళు తెరుస్తాడు, తెరిస్తే ఆ క్షణమే ఆమేన్ కోసం ఆగమంటాడు. ఆగడమే ఆయనకు తెలిసిన ధర్మం. ఆయనకు చెప్పకుండానే పెరటి గుమ్మంలోంచి బయటికి వచ్చేశాను.

బండి మావ నన్ను చూసి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"ఒగత్తివేనా?"

"ఒక్కదాన్నే. తోలు మావా."

ఆయన ఎద్దుల మెడ గంటలు విప్పి బండిలో పడేశాడు. పేట దాటాక, "ఇంకా సేత్తన్నాడేటే?" అని అడిగాడు. చేస్తున్నాడన్నాను. "ఊపిరెలగొత్తాదో మరి," అని ఎద్దులను అదిలించాడు. ఆయన దారంతా మాట్లాడిన మాటలు అవే.

పలాస స్టేషన్‌లోకి బండి వచ్చేసరికి రైలు ఆగి ఉంది. కంపౌండరుగారి భార్య ఆడవాళ్ళ పెట్టె కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపుతోంది. నా పెట్టె, మూటలు ఎక్కించాం. మూటల్లో ఎండుచేపల మూట ఒకటి బండిలో ఉండిపోయింది. అది ఏ 'పొట్టి' మనిషిదో గాని, ఆయనకు నేను ఇప్పటికీ బాకీ.

మూడో రోజు గోపాలపురం రేవులో మసూలా పడవ ఎక్కి, అలలు దాటి, దూరంగా లంగరు వేసిన ఓడ చేరాను. అందరూ చెప్పినట్టే వాంతులయ్యాయి. ఉన్ని చొక్కా అవసరం పడలేదు. బడి తెరిచే రోజుకు ముందురోజు రంగం చేరాను. ప్రధానోపాధ్యాయిని నన్ను పైనుంచి కిందికి చూసి, పై తరగతికి బీజగణితం రేపటినుంచే చెప్పగలరా అని అడిగింది. పుస్తకం చేతిసంచిలోనే ఉందన్నాను.

తర్వాత పేటలో జరిగినది మా మేనత్త నాకు చెప్పింది. ఆవిడ చెప్పినదాంట్లో కొంత తీసివేయవచ్చు. మిగిలినది ఇది.

పెద్దాయన ఆమేన్ అన్నాక అందరూ కళ్ళు తెరిచి, నా చోటు ఖాళీగా ఉండడం చూసి ఎంతో ఆశ్చర్యపోయారట. కొందరు రెండుసార్లు ఆశ్చర్యపోయారట. మా నాన్న ఒక్కడే గుమ్మం దాకా వెళ్ళి బండి జాడ చూసి వచ్చి కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దాయన లేచి, ప్రార్థన మధ్యలో లేచి వెళ్ళడం దేవుణ్ణి ధిక్కరించడమేనని, నన్ను సంఘంలోంచి తీసివేయాలని, రంగంలోని సంఘానికి కూడా ఆ మాట తెలియజేయాలని అన్నాడు. అలా తెలియజేస్తే అక్కడి బడిలో నా ఉద్యోగం ఒక నెల కూడా నిలవదు. అది క్రైస్తవ బడి.

పాస్టరుగారు, చాలా మంచి మనిషి గనుక, పద్ధతి ప్రకారం అడిగారు. "ఆ అమ్మాయి లేచి వెళ్ళడం ఎవరు చూశారు?"

ఎవరూ మాట్లాడలేదు. చూశానంటే కళ్ళు తెరిచినట్టు. కళ్ళు తెరిచానని ఒప్పుకునే ధైర్యం మా సంఘంలో ఎవరికీ లేదు. మగవాళ్ళను ఒక్కొక్కరినే అడిగారు. నేను చూడలేదు, నేను చూడలేదు అన్నారు. మా నాన్న వంతు వచ్చింది. ఆయన లేచి నిలబడి, "నేను చూడలేదండీ. కళ్ళు మూసుకుని ఉన్నాను," అన్నాడు. ఆ రోజు ఆ గుడిలో నిజం చెప్పిన మగవాడు ఆయనొక్కడే. అందరికీ అది తెలుసు గనుక, ఎవరూ ఆయన ముఖం చూడలేకపోయారట.

"అయితే ఆమేనుకి ముందు నెగిసినాదని ఎలగ తెలిసినాది?" అని అడిగింది మా మేనత్త. "ఆమేనయ్యాకే ఎల్లినాదేమో."

"బండి సప్పుడు నానే ఇన్నాను," అన్నాడు పెద్దాయన.

"సప్పుడు ఇన్నావా, సూసినావా?"

అప్పుడు ఆయన భార్య ఆడవాళ్ళ వరసలోంచి, తల ఎత్తకుండానే అడిగిందట. "నువ్వు సూసినావేటి? పార్దన సేసినోడివి నువ్వే గదా."

పెద్దాయన పంచె సర్దుకున్నాడు. చూశాడని మా మేనత్త ఒట్టు వేసి చెబుతుంది. నేను గుమ్మం దాటుతుంటే ఆయన ఒక కన్ను తెరిచాడట, తెరిచి కూడా ప్రార్థన ఆపలేదట. ఆ సంగతి చెప్పాలంటే, మేనత్త కూడా కళ్ళు తెరిచినట్టే. కాబట్టి గుడిలో అనలేదు. ఇంటికి వచ్చాక అంది.

"ప్రెబువు సూసినాడు," అని చివరికి పెద్దాయన కూర్చున్నాడు.

దేవుణ్ణి సాక్షిగా రాసుకునే పద్ధతి మా సంఘంలో లేదు. పాస్టరుగారు ఆ విషయం అంతటితో విడిచిపెట్టి, ముగింపు ప్రార్థనకు మోకరించమన్నారు. మోకరించారు. ఎవరు కళ్ళు మూసుకున్నారో నాకు తెలియదు.

మూడేళ్ళ తర్వాత సెలవుమీద ఇంటికి వచ్చాను. మా నాన్న నన్ను తీసుకురావడానికి పలాస వచ్చాడు. బండిలో ఎదురుగా కూర్చుని, రంగం గురించి, బడి గురించి, నేను చెప్పే తరగతుల గురించి అడిగాడు. నేను చెప్పకుండా వెళ్ళిపోయిన సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కాశీబుగ్గ దాటి ఇసుక దారిలో పడ్డాక అడిగాడు.

"ఆ రోజు ప్రార్థనలో నువ్వు ఎక్కడ లేచావమ్మా?"

"రంగం పాపుల దగ్గర, నాన్నా."

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు లెక్కవేశాడు. తర్వాత తల ఊపి, "మంచిపని చేశావు. అది సగం కూడా కాదు," అన్నాడు.